బొత్తాలక్క పాట

ఎండలు మండిపోతున్న రోజుల్లో చలికాలపు బొంతలు అలమరలోకి ఎలా వచ్చాయన్నదే ఆ శుక్రవారం పొద్దుటి గొడవ.

"అటక మీద కలరా ఉండలేసి మూటకట్టిన బొంతలివి. వాటికి కాళ్ళొచ్చి దిగాయా?" అంది తల్లి, అలమర తలుపులు బార్లా తీసి.

"నేనే దించానమ్మా. అటక మీద ఎలుక తిరుగుతోంది," అంది కూతురు జడ అల్లుకుంటూ.

"ఇంట్లో చీమ నడిచినా నాకు తెలుస్తుంది. నాకు కనపడని ఎలుక నీకెలా కనపడింది?"

"నీ చూపుకి భయపడి నీ ముందుకి రాదేమో."

"బొంతలు దించినదానివి మంచం కింద పెట్టొచ్చుగా. అలమరలో నాలుగు వైపులా గోడ కట్టినట్టు పెట్టడం ఎందుకు? నా ఇస్త్రీ బట్టలన్నీ ముడతలు పడ్డాయి."

బూట్ల లేసులు కట్టుకుంటున్న తండ్రి తల ఎత్తకుండానే నవ్వాడు. "పోనీలే, ఎలుకని పిలిపించి విచారిద్దాం. అప్పటిదాకా దాన్ని వదిలెయ్."

ఆయన నవ్వాడు గాని కూతురి వంక చూడలేదు. కూతురు కూడా అద్దంలోంచి ఆయన్ని చూసీచూడనట్టు చూసి తల దించుకుంది. ఆ రెండు చూపులూ తల్లి కంట్లో పడ్డాయి. గ్లాసు బోర్లించిన తీరు చూసి ఎవరు నీళ్ళు తాగారో చెప్పగల మనిషి ఆమె. ఎలుక సంగతి అబద్ధమని అప్పుడే తేల్చేసుకుంది. నిజమేమిటో మాత్రం అంతుపట్టలేదు.

కూతుర్ని ఇంట్లో బుడ్డి అంటారు. ఆ పేరు పెట్టినప్పుడు పొట్టిగానే ఉండేది. ఇప్పుడు తండ్రి భుజం దాటింది గాని పేరు మాత్రం పెరగలేదు. కళ్ళజోళ్ళ షాపులో పని. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో ఒక కుట్టు లైనుకి సూపర్‌వైజరు. సాయంత్రం ఫ్యాక్టరీ వదిలాక షాపు దగ్గర ఆగి కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని ఇంటికి తెస్తాడు. ఆయన ఉద్యోగాన్నిబట్టే వాళ్ళుండే భవనంలో అందరూ తల్లిని సూపర్‌వైజరమ్మ అని పిలుస్తారు. ఆమె అసలు పేరు ఇంటి యజమానికి కూడా గుర్తుండదు.

ఆ ఇంట్లో ఆమె పెట్టిన నియమం ఒకటుంది. చెప్పులతోబాటు ఫ్యాక్టరీ కబుర్లు కూడా గుమ్మం బయటే విడవాలి. భవనంలో సగం వాటాల్లో ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళే ఉంటారు. భర్త చెప్పింది మెట్ల మీద ఎక్కడ నోరు జారతానో, మెట్ల మీద విన్నది భర్త చెవిన ఎక్కడ వేస్తానో అని ఆమె భయం. తెలియనిదాని మీద తగువు రాదు కదా అనుకుంది. ఏళ్ళుగా ఆ నియమం తప్పకుండా నడుస్తోంది, ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆమె నమ్మకం.

వాళ్ళిద్దరూ వెళ్ళాక కూరగాయలకి బయల్దేరింది. రెండో అంతస్తు మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఫోను మీద తలలు పెట్టి ఏదో వింటున్నారు. ఆమె చెప్పుల చప్పుడుకి ఫోను కొంగు కిందికి పోయింది.

"ఏంటే, సినిమానా?" అంది నవ్వుతూ.

"ఏం లేదండీ సూపర్‌వైజరమ్మగారూ. ఏదో ప్రకటన," అంది ఒకామె. నిన్నటిదాకా 'వదినా' అన్న మనిషి. ఇవాళ 'గారు' తగిలించింది. మర్యాద పెరిగిందంటే దూరం పెరిగినట్టేనని ఆమెకి తెలుసు.

కూరగాయల కొట్టు ఆడమనిషికి మాత్రం ఎవరి దగ్గరా దాపరికం లేదు. ఆమె నోటికి తూకం ఉండదని వీధంతా అంటుంది. టమాటాలు ఏరుతుంటే తనే మొదలుపెట్టింది.

"బొత్తాలక్కని ఇంట్లో కూచోబెట్టారటగా, పాపం. విచారణ అయ్యేదాకా రావద్దన్నారట."

"ఏ విచారణ?"

"తెలియనట్టు అడుగుతారేంటమ్మా? పాట సంగతి. మీ ఆయన ఫ్యాక్టరీ మీద ఎవరో పాట కట్టారు. పాట అంటే పాట కాదు, గడగడా మాట్లాడేస్తారే, డప్పు చప్పుడు మీద, అది. వినలేదా? నా మనవళ్ళు నాకు కూడా అలవాటు చేశారు." ఆమె ఫోను తీసి తూకపు పళ్ళెం పక్కన ఆనించింది.

బొత్తాలక్క అంటే ఒకటో అంతస్తులో ఉండే మనిషి. ఇరవయ్యేళ్ళుగా బొత్తాలు కుట్టే మిషను మీద పనిచేసి ఆ పేరు తెచ్చుకుంది. సూపర్‌వైజరమ్మకి డాబా మీద బట్టలారేసే చోట స్నేహితురాలు.

ఫోనులోంచి గొంతు వచ్చింది. ఆడగొంతో మగగొంతో తెలియకుండా బరువుగా మార్చిన గొంతు.

లైనుకొక్క బిళ్ళ, బిళ్ళకొక్క తాడు
తాడు ఎవరి చేతిలో ఉంటే వాడే మొనగాడు
నీళ్ళు తాగితే తంటా, తాగకుంటే మంట
గోడమీది గడియారానికి ఆకలెక్కువంట

"బిళ్ళ అంటే అర్థమైందా?" అంది కొట్టు ఆమె. "బాత్రూముకి పోవాలంటే సూపర్‌వైజరు దగ్గర బిళ్ళ తీసుకోవాలట. నలభై మందికి ఒక్కటే బిళ్ళట. దాన్ని వాళ్ళు పాస్‌పోర్టు అంటారట. ఎక్కడికో విదేశం పోతున్నట్టు."

ఆమెకి ఈ సంగతి తెలియదు. మొగుడి జేబులో ఏముంటుందో తెలిసిన మనిషికి మొగుడి మెడలో ఏం వేలాడుతుందో తెలియదు. పాట సాగుతూనే ఉంది.

బొత్తాం మిషను దగ్గర అక్క తలవంచి ఏడ్చింది
నేల తుడిచే గుడ్డ ఒకటే ఆమెని ఓదార్చింది
పొద్దంతా లెక్కపెట్టి ఇంటికెళ్ళిన సారు
కన్ను మూసుకున్నా కూడా కాపలా మానరు
నిద్రలోన పలవరింత, రండమ్మా టైమయింది
పిలిచిందెవర్నో గాని, పక్క దిండు లేచింది

ఆమె చేతిలో టమాటా చితికింది.

"అయ్యో, అది కూడా తూకంలో వేస్తాను మరి," అంది కొట్టు ఆమె.

ఆయన నిద్రలో పలవరిస్తాడు. నిజమే. కొన్ని నెలలుగా సరిగ్గా ఆ మాటే అంటాడు. రండమ్మా, టైమయింది. ఆ మాటకి లేచేది తనే. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికి తెలుస్తుంది? ఆ పాటలో పక్క దిండు తనే. ఎవరో తన పడకగదిలోకి తొంగి చూసి వీధిలో నిలబడి చెప్పినట్టనిపించింది.

ఇంటికొచ్చి సంచీ గుమ్మంలోనే వదిలేసి నేరుగా కూతురి గదిలోకి వెళ్ళింది. రెండు గదులకీ మధ్య గోడ పలచన. దగ్గు కూడా అవతలికి వినిపిస్తుంది. అలమర తలుపు తీసి బొంతల్ని మళ్ళీ చూసింది. వెనక ఒకటి, పక్కల చెరొకటి, తలుపుకి లోపలివైపు మేకులకి ఒకటి. మధ్యలో ఒక మనిషి ఒదిగి నిలబడేంత చోటు. కూతురి కొలతే.

ఎవరూ చూడ్డం లేదని తెలిసినా ఒకసారి వెనక్కి చూసి, లోపలికి దూరి తలుపు వేసుకుంది. వీధిలో హారన్లు, పైన ఎవరిదో మిక్సీ, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తన ఊపిరి తనకే వినిపించింది. "రండమ్మా, టైమయింది," అని మెల్లిగా అని చూసింది. మాట ఎక్కడా తగిలి తిరిగి రాలేదు. శుభ్రంగా, ఒంటరిగా నిలబడింది. గొంతు రికార్డు చేసుకోవడానికి కూతురు ఇంట్లోనే గది కట్టుకుంది. తను ఇస్త్రీ బట్టల ముడతలు చూసింది గాని గదిని చూడలేకపోయింది.

సాయంత్రం కూతురు వచ్చినప్పుడు అడగలేదు. దొంగని పట్టుకుంటే సాక్ష్యంతో పట్టుకోవాలన్నది ఆమె పద్ధతి. పాడింది కూతురే, సరే. ఫ్యాక్టరీ లోపలి సంగతులు దానికెవరు చెప్పారు? ఆమె అనుమానమంతా కింద ఒకటో అంతస్తులోని బొత్తాలక్క మీదికి పోయింది. నా వెనక నా కూతుర్ని పట్టుకుని కథలు చెప్పి పాడించిందా? స్నేహమని డాబా మీద పిడికెడు క్లిప్పులు అప్పిచ్చినదాన్ని, నా ఇంటికే నిప్పు పెడుతుందా?

శనివారం మధ్యాహ్నం బొత్తాలక్క తలుపు తట్టింది. తలుపు జానెడే తెరుచుకుంది.

"ఏం చూడ్డానికొచ్చారు? ఫ్యాక్టరీ గేటు దగ్గర వెతికినట్టు ఫోనా, సంచీనా?" అంది బొత్తాలక్క.

"ఎలా ఉన్నావో చూద్దామని వచ్చాను."

"ఉన్నాను. మీ ఆయన లెక్కలో లేనంతే. ఆయన పంపారా?"

"ఆయనకి తెలియదు నేనొచ్చినట్టు."

"ఆయన పంపితే తెలియదనే చెప్పమంటారుగా."

నిన్నటినుంచి తను లోకాన్ని చూస్తున్న కంటితోనే ఇప్పుడు తననొకరు చూస్తున్నారు. అది ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. అయినా తెగించి అడిగేసింది.

"ఆ పాట నువ్వు చెప్పి పాడించావా?"

బొత్తాలక్క తలుపు పూర్తిగా తీసింది. కోపంతో కాదు, నిలబడే ఓపిక లేనట్టు గుమ్మానికి ఆనుకుంది.

"మీరు చదువుకున్నవారు, ఒక్క మాట చెప్పండి. పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గరుంది, వచ్చేదాకా ఆపుకోలేక మిషను దగ్గరే నా బట్టలు తడిశాయి. ఆ సంగతి నేనే ఊరంతా పాడించుకుంటానా? నా కొడుక్కే చెప్పలేదు. వాడు ఫోనులో విని, అమ్మా ఇది నువ్వేనా అనడిగాడు. ఆఫీసువాళ్ళంటారు, నీ కథే కాబట్టి నువ్వే చెప్పుంటావని. సోమవారం మీటింగట. మీ ఆయన తల ఊపితే చాలట, నా లెక్క తేలిపోతుంది."

"లైనులో ఇంకెవరైనా..."

"ఎవరు చూశారు? తల ఎత్తితే టార్గెట్టు పోతుంది. మునుపు పక్క మిషనుదాంతో కబుర్లు చెప్పుకుంటూ కుట్టేవాళ్ళం. ఇప్పుడు పక్కది నవ్వినా ఎందుకు నవ్విందో అని చూస్తాం. నాకూ ఇప్పుడు అందరి మీదా అనుమానమే. మీ మీద కూడా." అనేసి తలుపు వేసుకుంది.

బొత్తాలక్క కాదు. అయితే ఎవరు?

డాబా మీదికి బట్టలు తీయడానికి వెళ్ళింది. పొద్దు వాలుతోంది. వీధి మలుపులో మూతపడ్డ చెప్పుల కొట్టు ముందు ఒక స్కూటరు ఆగి ఉంది. దిండుగలీబులు భుజాన వేసుకుంటూ మామూలుగా అటు చూసింది. ఆ స్కూటరు వాళ్ళదే. ఇంటికి వంద అడుగుల దూరంలో ఇంజను ఆపి, దిగకుండా కూచున్నాడు భర్త. హెల్మెట్టు తీయలేదు. ఎదురుగా ఉన్న షట్టరుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతున్నాడు. వెనక కూచున్న కూతురు ఆయన వీపుకి చెవి దగ్గర పెట్టి వింటోంది. ఆయన చేతిని గుండెల దగ్గర పెట్టి ఏదో బిళ్ళంత సైజు చూపించాడు. తరవాత తల దించుకున్నాడు. కూతురు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు బండి కదిలింది.

మెట్లెక్కి వచ్చి బూట్లు విప్పుతూ ఆయన అన్నాడు, "ట్రాఫిక్ ఎక్కువగా ఉంది."

రోజూ అదే మాట. రోజూ నమ్మింది. "అవును, పైనుంచి చూశాను. చాలా ట్రాఫిక్," అంది. ఆయన చెయ్యి లేసు మీద ఒక్క క్షణం ఆగింది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

ఆదివారం పొద్దున్న కూతురు వంటింట్లోకి వచ్చి బీన్సు తుంచడానికి కూచుంది. తల్లి వెనక్కి తిరక్కుండానే అంది.

"ఎలుక దొరికింది. గొంతు మార్చి పాడుతోంది."

బీన్సు చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నన్ను దిండుని చేసినప్పుడు. ఇల్లు పంచుకున్న పాపానికి నీకు నా పడకగది కూడా పాటకి పనికొచ్చిందా? అదేం పాటే అసలు? రాగం లేదు, పల్లవి లేదు. కొళాయి దగ్గర పోట్లాటలా ఉంది."

"పోట్లాటేనమ్మా. కాకపోతే తాళం ఉంది." కూతురు తగ్గలేదు. "నేను స్కూల్లో ఉన్నప్పుడు ఇలాంటివి పాడేవాళ్ళు ఏం పాడేవాళ్ళో తెలుసా? గొలుసులు, కార్లు, నేనంతటివాణ్ణి ఇంతటివాణ్ణి. అప్పుడు అందరికీ రేపు పెద్దవాళ్ళమైపోతామని ఆశ ఉండేదేమో. తరవాత ఏది విన్నా అద్దె, అప్పు, బస్సు కోసం నిలబడ్డం. నేను కూడా మొదట అద్దె మీదే కట్టాను. ఇప్పుడు ఎవరి నోట విను, ఒకటే మాట. నేనన్నానని అనకు. షాపులో, బస్సులో, మన మెట్ల మీద కూడా. జనం ఏది మెల్లిగా అనుకుంటున్నారో అది పాటలో గట్టిగా వస్తుంది. నేను పుట్టించలేదమ్మా."

"పెద్ద మాటలు చెప్పకు."

"నువ్వే చెప్పావు. కాలేజీలో పని చేస్తూ పాడుకునే పాటల మీద పరీక్ష రాశానని, ఏ కాలం పాట వింటే ఆ కాలం మనుషుల కష్టం తెలుస్తుందని. ఆ పాటలు కట్టినవాళ్ళని కూడా ఇంట్లో నోర్మూసుకోమనే ఉంటారు. వాళ్ళు మూసుకోలేదు కాబట్టి నీకు మార్కులొచ్చాయి."

తల్లికి నవ్వు రాబోయి కోపం వచ్చింది. "ఆ అమ్మ కూడు పోతోంది. తెలుసా నీకు? నీ పాటలో మిషను పేరుతో సహా పెట్టావు. రేపు మీటింగులో ఆవిణ్ణి పంపించేస్తారు."

కూతురి మొహం పాలిపోయింది. "తెలుసు. రెండ్రోజులుగా నాన్నకి అదే చెప్తున్నాను..."

"నాన్నకి. అంటే నాన్నకి తెలుసు."

"దాన్నేమీ అనకు." తండ్రి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో. "పాట దానిది. మాటలు నావి."

పీట లాక్కుని కూచున్నాడు. వంటింట్లో ఆయన కూచోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆర్డర్లు పెరిగాక ఆ బిళ్ళ నా మెడలో వేశారు. పొద్దంతా ఆడవాళ్ళు వచ్చి నా ముందు చెయ్యి చాపుతారు. మా అమ్మ వయసువాళ్ళు కూడా. ఎవరికైనా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉండేది. బండి మీద దీనికి చెప్పేవాణ్ణి. మొహం చూడక్కర్లేదు కదా, తేలిగ్గా వచ్చేసేది. ఇది పాట కడుతుందని నాకు తెలియదు. పనిలోకి పోయేముందు గేటు దగ్గర బుట్టలో పెట్టించే ఫోన్లలో ఒకటి ఈ పాటతో మోగింది. విన్నాను. నా మాటలే."

"మరి ఆఫీసులో చెప్పలేదేం?"

"మీ లైనులో పాముని మీరే పట్టుకోవాలి అన్నాడు మేనేజరు. ఆ పాము నేనేనని ఎలా చెప్పను? బొత్తాలక్క పేరు వాళ్ళే అన్నారు. నేను అవునన్లేదు."

"కాదని కూడా అన్లేదు."

"అన్లేదు." ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. "చెప్తే నన్ను పంపిస్తారు. మళ్ళీ ఈ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ గేటూ తెరవదు. చెప్పకపోతే ఆమెని పంపిస్తారు. రేపటిదాకా టైముంది."

ఆమె పొయ్యి కట్టేసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఇన్ని నెలలు. ఇంట్లో నేనున్నాను. నాకు ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"నువ్వు వద్దన్నావు కదా," అన్నాడాయన. దెప్పినట్టు కాదు. వర్షం పడింది కదా అన్నట్టు అన్నాడు.

ఆమెకి ఒక పాత సాయంత్రం గుర్తొచ్చింది. కొత్తగా చేరిన ఒక పిల్ల వేలిలో సూది దిగిందని ఆయన గుమ్మంలోనే చెప్పబోయాడు. తను గరిటె అడ్డం పెట్టి, ఆ రక్తం కబుర్లు ఇంట్లోకి తేకండి అంది. ఆయన వెంటనే ఆపేశాడు. మంచి మనిషి కాబట్టి ఇక ఎప్పుడూ తేలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని తను మురిసిపోయింది. మెలకువగా ఉన్నప్పుడు గుమ్మం బయట వదిలిన మాటలే నిద్రలో దొడ్డిదారిన లోపలికొచ్చి రండమ్మా, టైమయింది అన్నాయి. ఆ మాటకి తను లేచింది, దిండు సర్దుకుంది, అటు తిరిగి పడుకుంది. ఎవర్ని పిలుస్తున్నారండీ అని ఒక్కసారీ అడగలేదు. మూడు రోజులుగా ఊరందరినీ అనుమానించింది. తనని తప్ప.

కళ్ళు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటుంటే కూతురు లేచి వచ్చి పట్టుకుంది. "దిండు లైను తీసేస్తానమ్మా."

"ఉంచు," అంది ముక్కు ఎగబీలుస్తూ. "అది నిజమే కదా."

తరవాత నాలుగు కంచాలు వేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగింది. తిరిగి వచ్చేసరికి వెనక బొత్తాలక్క ఉంది. ఎలా ఒప్పించిందో ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఆగి నలుగురికీ వేసిన కంచాలు చూసింది.

"నలుగురి మధ్య భోజనం పెట్టి, పని మానేస్తున్నానని సంతకం చేయించుకునే పద్ధతా ఇది?" అంది.

"ముందు కూచో అక్కా," అంది సూపర్‌వైజరమ్మ. "విన్నాక తినాలనిపిస్తే తిను. లేకపోతే కంచం నా మొహాన విసిరి వెళ్ళు."

"కంచం బాగుంది. ఎందుకు పాడుచెయ్యడం," అంటూ కూచుంది బొత్తాలక్క, తలుపుకి దగ్గరగా.

కూతురే మొదలుపెట్టింది. పాట తను పాడిందని, ఎక్కడ పాడిందో, ఎవరు చెప్తే పాడిందో. దాచకుండా చెప్పింది. తండ్రి తల ఎత్తలేదు. బొత్తాలక్క వింటున్నంతసేపూ నీళ్ళ గ్లాసుని తిప్పుతూ ఉంది. అంతా అయ్యాక అడిగింది.

"నా సంగతి పాడేముందు నన్నొకసారి అడగాలని తోచలేదా?"

"తోచింది అత్తా. అడిగితే వద్దంటారని భయమేసింది."

"ఆఫీసువాళ్ళు కూడా నన్ను అడక్కుండానే నేను చెప్పానన్నారు. నువ్వూ అడక్కుండానే నేను వద్దంటానన్నావు. ఏంటి తేడా?"

కూతురు కంచం మీదికి తల వంచింది. బుగ్గల మీదుగా నీళ్ళు కంచంలో పడ్డాయి. "తప్పయింది అత్తా. తీసేస్తాను," అంది.

"తీసేయమని ఎవరన్నారు? కూరగాయల కొట్టు దగ్గర విన్నాను. నీళ్ళు తాగితే తంటా, తాగకుంటే మంట. అది బాగుంది. మా లైనులో అందరికీ నోటికొచ్చు. గేటు దగ్గర పెదాలు కదుపుతారు, గొంతు రానివ్వకుండా." ఆమె గ్లాసు కింద పెట్టింది. "కానీ ఒకటి తప్పు పెట్టావు. తలవంచి ఏడ్చింది అన్నావు. నేను ఏడవలేదు."

కూతురు చేతి వెనకతో బుగ్గలు తుడుచుకుని తల ఎత్తింది.

"ఏడవలేదు. చేతిలో ఉన్న కట్ట పూర్తిచేశాను. గుడ్డ నేనే తెచ్చుకుని నేనే తుడిచాను. అందరి మధ్యనుంచి తల ఎత్తుకుని నడిచి వెళ్ళాను. నీకు ఏడ్చిందని ఎవరు చెప్పారు?"

కూతురు తండ్రి వంక చూసింది.

"ఆయన చూడలేదు," అంది బొత్తాలక్క. "ఆయన అటు తిరిగారు. చూసుంటే తెలిసేది."

తండ్రి కంచం ముందునుంచి చెయ్యి తీసేశాడు. ఆయన మొహంలో ఏదో కదిలి, కుదుటపడింది. మూడు రోజులుగా ఆ మొహాన్ని దొంగచూపులు చూస్తున్న భార్య ఇప్పుడు సూటిగా చూసింది. ఆయన కూడా ఆమెనే చూశాడు. ఆమె అవునన్నట్టుగా కళ్ళు మూసి తెరిచింది.

"రేపు మీటింగులో నేను చెప్తాను," అన్నాడాయన. "ఆ మాటలు నావని, మా ఇంట్లోంచే వెళ్ళాయని. బిళ్ళ బల్ల మీద పెట్టి చెప్తాను. ఆ తరవాత వాళ్ళ ఇష్టం. నేను, మా ఆవిడ, బుడ్డి ఎలాగో ఈదుతాం." బొత్తాలక్క వైపు తిరిగాడు. "నువ్వు కూడా రా అక్కా మీటింగుకి. నేను ఎక్కడైనా తప్పు చెప్తే అక్కడే సరిదిద్దు."

"రావద్దన్నారుగా నన్ను."

"నాతో వస్తావు. బండి మీద కాదు, నడిచే వెళ్దాం. లైనులో అందరూ చూడాలి."

బొత్తాలక్క లేచింది. తలుపు దగ్గరనుంచి పీటని లోపలికి జరుపుకుంది.

"పొద్దున్నే తయారుగా ఉండండి మరి," అంది. "నేను ఎవరికోసమూ ఆగను. కూర ఇటివ్వు వదినా."